పడలేదన్న వాళ్లు

కర్నూలు,
10-11-1957

అవ్వకు ఓబులేసు దండాలు.

ఇక్కడ నేను క్షేమమని రాస్తే నువ్వు నమ్మవు. హాస్టల్లో నీళ్లచారు తాగుతూ కూడా బతికే ఉన్నానని రాస్తున్నాను, అది నమ్ము. ఈ జాబు పెద్దవ్వకు వినపడేట్టు గట్టిగా చదువు.

నాకొక పని దొరికింది. మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే మాస్టరుగారు ముసలివాళ్ల మీద పరిశోధన మొదలుపెట్టారు. అరవై దాటినవాళ్లు ఇంట్లో ఎక్కడ పడుతున్నారు, ఎందుకు పడుతున్నారు, వాళ్లను ఎవరు చూసుకుంటున్నారు అని ఇంటింటికీ పోయి అడిగి కాగితాలు నింపాలి. సహాయానికి ముగ్గురు విద్యార్థులను తీసుకున్నారు. అందులో నేనొకణ్ణి. నాయన విని, "ముసలోళ్లు పడతారని తెలుసుకునేదానికి కాలేజీ యాల రా?" అన్నాడు.

చిక్కేమిటంటే అవ్వా, కర్నూల్లో ఎవరూ పడడం లేదు. కాగితంలో ముప్పై నాలుగు ప్రశ్నలు. తొమ్మిదోది, "పోయిన సంవత్సరంలో మీరు ఎన్నిసార్లు పడ్డారు?" నలభై ఇళ్లు తిరిగాను. అందరూ సున్నా అనే చెప్పారు. భీమక్క అనే ఆమెకు మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. "పడలేదప్పా, దానంతట అదే వాచినాది" అంటుంది. బసవన్న అనే ముసలాయన నుదుటి మీద కుట్లు చూపించి అడిగితే, "నేను పడలా. భూమే రవంత పైకొచ్చినాది" అన్నాడు. మా మాస్టరుగారు కాగితాలు తిరగేసి, "ఈ ఊరి ముసలివాళ్లకు రెక్కలున్నాయా ఓబులేసూ?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకో నెల ఇట్లాగే సున్నాలు తెస్తే నన్ను మాన్పిస్తారు.

పెద్దవ్వ పేరిట ఒక కాగితం తెలుగులో రాసి పంపుతున్నాను. నింపి పంపు. "చూసుకునే మనిషి వరస" అన్నచోట నేనే "చెల్లెలు" అని రాశాను. అసలు మాట రాయడానికి చెయ్యి రాలేదు. తప్పయితే కొట్టెయ్యి.

నీ మనమడు,
ఓబులేసు


గుండ్లపల్లె,
19-11-1957

చిరంజీవి ఓబులేసుకు,

నిన్ను నూరేళ్లు బతకమని దీవించి, ఆ తరువాత నాలుగు చీవాట్లు పెడుతున్నాను. రెండూ తీసుకో.

"చెల్లెలు" కొట్టేశాను. "సవతి" అని పెద్ద అక్షరాలతో రాశాను. నీకు చెయ్యి రాకపోతే నాకు వచ్చింది. అందులో సిగ్గెందుకురా? నలభై ఆరేళ్ల కింద మా నాయన దగ్గరికి సంబంధం అడగడానికి వచ్చింది మగవాళ్లు కాదు, మీ పెద్దవ్వ, నేను అక్కా అని పిలిచే ఆమె. "నాకు కడుపు పండలా. ఈ పిల్లను మా ఇంటికియ్యండి. నేను చూసుకుంటా" అనింది. అప్పుడు నాకు పదిహేనేళ్లు. నాకూ పిల్లలు నిలవలేదు, మరిది మనమడివైన నువ్వే మా ఇద్దరికీ మనమడివి, అది వేరే మాట. కానీ నాకు అక్షరాలు నేర్పింది ఆమె. సంగటి కెలకడం నేర్పింది ఆమె. ఆయన పోయిన రోజు నా తల ఒళ్లో పెట్టుకున్నది ఆమె. చెల్లెలంటే అమ్మకు పుట్టేది. సవతిని తెచ్చుకున్నది ఆమె. నా వరస మార్చడానికి నీ కాగితానికి ఏం అధికారం?

అక్క ఇదంతా విని నవ్వి, "వాణ్ణి తిట్టబాక మే, పిల్లోడు సిగ్గుపడినాడు" అంది. ఎప్పుడూ నీ పక్షమే.

ఇక నీ పని సంగతి. పడ్డావా అని అడిగితే ఎవరు చెప్తారు? అవ్వ పడిందంటే కోడలు చూడలేదని ఊరు అంటుంది. ఆ కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంటే నువ్వు కలం పట్టుకుని అడుగుతావు! ముందు మంచినీళ్లడుగు. కోడలు లోపలికి పోతుంది. అప్పుడు పడ్డావా అని కాదు, "మిద్దె ఎక్కడం ఎప్పటినుంచి మానుకున్నావు? బావికి పోవడం ఎప్పుడు మానేశావు?" అని అడుగు. మానుకున్న రోజుకు ముందర పడిన రోజు ఉంటుంది. అదీ వాళ్లే చెప్తారు.

మా ఇంట్లో తొమ్మిదో ప్రశ్నకు జవాబు సున్నా. నిజంగానే సున్నా. కళ్లకు పొర కమ్మి ఆరేళ్లయినా అక్కను నేను పడనివ్వలేదు. పడనిచ్చేదానికి లేదు కూడా. బద్వేలు నుంచి ఆమె అన్న కొడుకు నారాయణ దీపావళికి వచ్చి మళ్లీ అదే పాట. "మా అత్తను సవతి చేతిలో పెట్టి ఊరకుండామని బజారంతా అంటాండారు. ఒక్కసారి ఈడ ఏదన్నా జరిగినాదంటే బండి కట్టుకొచ్చి తీసకపోతా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, అదే కష్టం. చెడ్డవాడైతే తిట్టి పంపేదాన్ని. అక్కను తీసుకుపోతే వాళ్ల ఇంట్లోకి నేను ఏ మొహంతో పోతాను? ఆమె అక్కడ, నేను ఇక్కడ. ఆ మాట తలుచుకుంటేనే నాకు భయం వేస్తుంది.

నీ అవ్వ,
మహాదేవమ్మ


కర్నూలు,
2-12-1957

అవ్వా,

నీ కాళ్లకు మొక్కాలి. మంచినీళ్లు తాగి తాగి నా కడుపు ఉబ్బింది గానీ పని జరిగింది!

భీమక్క ఇంటికి మళ్లీ పోయాను. కోడలు చెంబు కోసం లోపలికి పోగానే, "మిద్దె ఎప్పుడు మానుకున్నావవ్వా?" అన్నాను. "శివరాత్రి నుంచి" అంది. "ఎందుకు?" అన్నాను. అటూ ఇటూ చూసి, "నిచ్చెన మూడో మెట్టు మింద కాలు జారినాది. వడియాలు ఎండబెట్టను పోయినా. కోడలికి చెప్పబాక, పాపం అది ఏడుస్తాది" అంది. నలభై ఇళ్లలో పదిహేడు ఇళ్లకు తిరిగి పోయాను. ఇరవై మూడు పడడాలు దొరికాయి. మాస్టరుగారు నా వీపు తట్టి, ఈ అడిగే పద్ధతి ఎవరు నేర్పారు అన్నారు. గుండ్లపల్లెలో మా అవ్వ అని చెప్పాను.

ఒక విషయంలో మాత్రం ఆయనకూ నాకూ కుదరలేదు. నీకు అరవై ఒకటి కదా. అరవై దాటిన మనిషిని "చూసుకోబడేవారు" అన్న గడిలోనే రాయాలంటారు. "చూసుకునేవారు" అన్న గడిలో రాయడానికి లేదట. మా అవ్వను చూసుకునేవాళ్లు ఎవరూ లేరు సార్, ఆమే ఇంకొకరిని చూసుకుంటుంది అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఆలోచిద్దాం అన్నారు.

ఈ ఇళ్లన్నీ తిరిగాక నాకు తెలిసిన రెండు సంగతులు రాస్తున్నాను. పెద్దవ్వ మంచం నుంచి పెరటి దాకా గోడ వెంబడి నడుమెత్తున ఒక తాడు కట్టు. పట్టుకుని నడవవచ్చు. స్నానం చేసే బండ మీద పాచి ఉంటే ఇసుక వేసి రుద్దించు. ఎక్కువమంది పడింది నిచ్చెన మీద, ఆ తరువాత స్నానం బండ మీద.

ఓబులేసు


గుండ్లపల్లె,
20-12-1957

ఓబులేసూ,

ఈ జాబు కవరులో పెట్టి, అంటించి, పోస్టు డబ్బాలో నేనే వేస్తున్నాను. ఒక్కడివే చదువు.

తాడు కట్టించాను. మొదటిరోజు అక్క తడిమి చూసి, "నన్ను ఎద్దును చేసినావా మే?" అంది. రెండోరోజు నుంచి దాన్ని పట్టుకుని తనే పెరట్లోకి పోయి వస్తోంది. ఆరేళ్ల తరువాత ఒక్కతే నడవడం. ఆ సంతోషం చూసి నీకు మనసులోనే దండం పెట్టాను.

బండ రుద్దించమన్నావు చూడు, అది రేపు రేపు అనుకున్నాను. పోయిన ఆదివారం అక్క స్నానానికి వేడినీళ్ల బిందె ఎత్తుకుని పోతూ ఆ బండ మీద నేను పడ్డాను. నీళ్లు పక్కకు పోయాయి, అదృష్టం. ఎడమ మణికట్టు విరిగింది. విరిగిన ఎముకలు కట్టే గిడ్డయ్య వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. మూడు నెలలు కదిలించవద్దన్నాడు. కదిలించకపోతే సంగటి ఎవరు కెలకాలి, నీళ్లు ఎవరు తోడాలి?

అక్కకు చెప్పలేదు. చప్పుడేమిటే అంటే బిందె జారిందన్నాను. కట్టు ఆమె చేతికి తగలకుండా ఆమెకు ఎడమపక్కనే నడుస్తున్నాను. ఎక్కడ అబద్ధం చెప్పాలన్నా నాకు నోరు తిరగదు, ఇప్పుడు రోజుకు పది చెప్తున్నాను. నాకు ఏడుపొస్తోందిరా. నొప్పికి కాదు. నారాయణకు తెలిస్తే అదే చాలు, బండి కట్టేస్తాడు.

నీ పనికి పనికొస్తుందని నీకు చెప్పాను. కాగితంలో రాసుకో, మేమూ ఒక లెక్కలోకి రావాలి కదా. పేరు మాత్రం రాయవద్దు. వరస దగ్గర సవతి అనే రాయి. దాంట్లో నేను తగ్గను.

అవ్వ


బద్వేలు,
8-1-1958

అవ్వా,

ఈ జాబు ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను. నేను పెద్ద తప్పు చేశాను.

సంక్రాంతి సెలవులు కలుపుకుని నెల రోజులు బద్వేలు తాలూకాలో యాభై ఇళ్లు చూడమని మాస్టరుగారు పంపారు. సత్రంలో దిగాను. మొన్న నారాయణ మామ మండీకి పోయాను, ఆయన మాట చెబితే వీధిలోవాళ్లు తలుపు తీస్తారని. ఆయన అనుమానంగా చూశాడు. "ఈ కాయితాలు ఏ పన్నుకోసమప్పా? పేర్లు రాసుకొని రేపు ఏం చేస్తారు?" అన్నాడు. అక్కడ కూర్చున్న పదిమందీ అదే అన్నారు. పేర్లు ఉండవు మామా, కావాలంటే వినండి అని సంచీలోంచి నింపిన కాగితం ఒకటి తీసి చదివాను. అది నీది.

పేరు లేదు, ఊరు లేదు అనే ధైర్యంతో చదివాను. "అరవై ఒక్క ఏళ్లు. స్నానం బండ మీద పడింది. ఎడమ మణికట్టు విరిగింది. చూసుకునేది, డెబ్బై ఆరేళ్ల కళ్లు కనపడని మనిషిని. వరస, సవతి." ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నాకు తెలియలేదు. కళ్లు లేని సవతిని చూసుకునే సవతి ఈ తాలూకాలో ఎంతమంది ఉంటారు అవ్వా? మామ ముఖం ఎర్రబడింది. "పదిమందిలో నాకు తెలియాల్సొచ్చినాదే ఓబులేసూ" అన్నాడు. కోప్పడలేదు. దానికే నాకు ఇంకా సిగ్గేసింది.

బుధవారం బండి కట్టుకుని వస్తాడు. నేను వద్దని కాళ్లు పట్టుకున్నాను. "ఆ యమ్మ చెయ్యి ఇరగ్గొట్టుకొని మా అత్తకు చాకిరీ చేస్తాంటే నేను సూస్తా కూచోవాల్నా?" అన్నాడు.

నువ్వు కొట్టినా పడతాను.

ఓబులేసు


గుండ్లపల్లె,
20-1-1958

ఓబులేసుకు,

బుధవారం అన్నావు. మంగళవారమే వచ్చాడు. నీ జాబు ఆ మరుసటి రోజు అందింది.

నారాయణ నా కట్టు చూసి తల వంచుకున్నాడు. నేను మాత్రం మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆరేళ్లు ఎట్లా చూశానో, ఏ రోజు ఏం తినిపించానో, అన్నీ వరసగా చెప్పి గడపకు అడ్డం నిలబడదామనుకున్నాను. నోరు తెరిచేలోపల అక్క తాడు పట్టుకుని ముందరింట్లోకి వచ్చింది. చంకలో గుడ్డల మూట. ఎప్పుడు కట్టుకుందో నాకు తెలియదు. "నారాయణా, బండ్లో గడ్డి బాగా పరిచినావా? నా నడుము ఓర్వదు" అంది. అంతే. వాడి చెయ్యి పట్టుకుని బండి ఎక్కి కూర్చుంది.

నా వైపు తిరగలేదు. పోయొస్తాననలేదు. నేను కూలికి వచ్చిన మనిషినా రా, ఓబులేసూ? నలభై ఆరేళ్లు ఒక కప్పు కింద ఉన్నాం. అహోబిలం కొండ ఇద్దరం ఒక కొంగు పట్టుకుని ఎక్కి దిగాం. అంత సుఖంగా పోతుందనుకోలేదు. పుట్టింటికి పోవాలని ఎన్నాళ్లనుంచి ఉందో, నేనే కనుక్కోలేకపోయానేమో.

ముందు నీ మీద కోపం వచ్చింది. ఆ తరువాత, వరస దాచవద్దని నీ దగ్గర పట్టుబట్టింది నేనే కదా అనుకున్నాను. ఇప్పుడు కోపమంతా ఆమె మీదే ఉంది. ఒక్కదానికి పొయ్యి వెలిగించబుద్ధి కాదు. పక్కింటి ఉరుకుందమ్మ గిన్నెలో పెట్టి పంపితే తింటున్నాను, లేకపోతే లేదు.

నాకు జాబులు రాయవద్దు. నీ పని నువ్వు చేసుకో.

మహాదేవమ్మ


బద్వేలు,
2-2-1958

అవ్వా,

రాయవద్దన్నావు. రాయకుండా ఉండలేను. చదివి చించెయ్యి, కానీ చదువు.

నిన్న పెద్దవ్వను చూడడానికి నారాయణ మామ ఇంటికి పోయాను. వంటింటి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నా గొంతు వినగానే అడిగిన మొదటి మాట, "దాని చెయ్యి ఎట్లుండాది?" నేను బిత్తరపోయాను. నీకెట్లా తెలుసు పెద్దవ్వా, మామ చెప్పాడా అన్నాను. అప్పుడు ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"నాకు చెప్పేదెవురు రా? బిందె జారినాది అనె. సరే అంటి. ఆ పొద్దు సంగట్లో ఉండలు. నలభై ఆరేండ్లలో దాని సంగట్లో ఉండ నా నోటికి తగల్లా. కట్టె రెండు చేతుల్తో తిప్పితేనే ఉండలు ఇరుగుతాయి. ఒంటిచేత్తో కెలకతాండాది అని మొదటి ముద్దలోనే తెలిసినాది. ఎట్లుందక్కా అనె. శానా బాగుండాది అంటి. రోజూ అట్లనే తింటి."

మరి అడగలేదేం అన్నాను.

"అడిగితే దానికి సిగ్గు. దాపెట్టుకోవాలని అంత పాట్లు పడతాండాది, నేనెట్ల బయటపెట్టేది? చేయి కదిలిచ్చొద్దని గిడ్డయ్య చెప్పింది గోడవతల్నుంచి ఇన్నా. నేను ఆడ ఉంటే అది చేతినెట్ల ఊరకుండనిస్తాది? నీళ్లు తోడతాది, నన్ను ఎత్తుతాది. ఆ చెయ్యి వంకర అతుక్కుంటే బతుకంతా అట్లనే. నారాయణ బండి వచ్చినాదని తెలియంగానే, ఇదే మేలు అనుకొని ఎక్కినా. దాని పక్కకు తిరిగింటే ఏడుస్తాననే తిరగలా. అది నన్నాపింటే ఆగిపోయింటా. పోయొస్తా అనను నోరు రాలా."

నువ్వు లేక నాలుగు రోజులు అన్నం ముట్టలేదట, మామ భార్య చెప్పింది. కొత్త ఇంట్లో దారి తెలియక ఒకసారి తలుపుకు కొట్టుకుంది కూడా. నొసటి మీద ఇంకా మచ్చ ఉంది. నేను పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇదేదీ దానికి చెప్పబాక. చెప్తే కట్టు ఇప్పేసి పరుగెత్తుకొస్తాది" అంది.

ఒకరి రహస్యం నా నోటి దురుసుతో పోయింది. రెండోది కావాలనే చెప్తున్నాను. తప్పయితే ఇద్దరూ కలిసి నన్ను తిట్టండి.

ఓబులేసు


బద్వేలు,
12-2-1958

చిరంజీవి ఓబులేసుకు,

ఊరి పేరు చూసి తప్పు రాశానని అనుకోవద్దు. బద్వేలే. నువ్వు సత్రం ఖాళీ చేసి కర్నూలు పోయిన మూడోరోజు వచ్చాను. కట్టు విప్పలేదు, కట్టుతోనే వచ్చాను.

ముందు నారాయణ సంగతి రాస్తాను, నీకు అదే బెంగ ఉంటుంది. చెయ్యి అతుక్కునేదాకా ఇద్దరం ఇక్కడే. ఆ తరువాత తనే బండిలో గుండ్లపల్లెలో దింపుతానన్నాడు. అయితే నీళ్లు తోడడానికి, బరువు మోయడానికి హులిగెమ్మ అని ఒక ఆమెను తోడు పంపుతాడట. "దానికి మాత్రం అడ్డం చెప్పొద్దు, నాకూ మా అత్త మింద బాధ్యత ఉండాది" అన్నాడు. నా ఇంట్లో నా పని ఇంకొకరు చేయడం నాకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. అయినా ఒప్పుకున్నాను. మళ్లీ ఆ బండ మీద పడితే ఈసారి లేవగలనో లేదో, ఆ సంగతి నాకు తెలుసు. పడలేదని చెప్పేవాళ్లలో ఇక నేను ఉండను.

నీ జాబు చదివిన రోజు పొద్దంతా కూర్చుని ఏడ్చాను. ఉండలున్న సంగటి ముప్పై రోజులు తిని బాగుందన్నదిరా ఆ మహాతల్లి. తెల్లవారి సంతకు పోయే బండి పట్టుకుని బయలుదేరాను. దారంతా ధైర్యంగానే ఉన్నాను. వీధి మలుపు తిరగగానే ఆగిపోయాను. నలభై ఆరేళ్లలో ఈ వీధిలోకి నేను రాలేదు. వీళ్ల ఇంట్లో పెళ్లిళ్లకు, పేరంటాలకు పిలుపు అక్కకే వచ్చేది. ఆమెకు పిల్లలు లేరని వాళ్లాయన చేసుకున్న రెండో పెళ్లాన్ని ఆమె పుట్టింటివాళ్లు ఎందుకు పిలుస్తారు? పిలవని ఇంటికి ఎట్లా పోతాను?

నారాయణ భార్య చాటలో బియ్యం ఏరుతూ గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. రమ్మనాలో వద్దో పాపం ఆ పిల్లకు తెలియలేదు. లోపల గోడ మీద, నన్ను ఏనాడూ పిలవని ఆమె అత్తగారి ఫోటో ఉంది, వీధిలో నలుగురు చూస్తున్నారు. వెనక్కి పోదామనే అనుకున్నాను, నిజం చెప్తున్నా. ఒక అడుగు వేశాను కూడా.

లోపల్నుంచి అక్క గొంతు వినపడింది. నేను ఒక్క మాటైనా అనలేదు, ఎట్లా తెలుసుకుందో ఆమెకే తెలియాలి.

"ఎవురింటికి వచ్చినావనుకొని నిలబడినావు మే? ఇది నేను పుట్టిన ఇల్లు. రమ్మనేదానికి నాకు అధికారముండాది. నేనే పిలస్తాండా. లోపలికి రా."

పోయాను. కాళ్లు కడుక్కోవడానికి ఆ పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

నీ అవ్వ,
మహాదేవమ్మ